ఆడిట్ అయిపోయిందంటే రోడ్డు కొలిచినట్టేనా?

ప్రశ్న: మాది టెక్కలి దగ్గర పల్లె. గతేడాది వేసవిలో ఉపాధి హామీ నిధులతో మా వీధికి సిమెంటు రోడ్డు వేశారు. బోర్డు మీద పొడవు 180 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు అని రాసి ఉంది. వానాకాలం వెళ్లేసరికి అడ్డంగా బీటలు తీసింది. పైన ఇసుకలా రాలుతోంది. అంచులు విరుగుతున్నాయి. మా పొదుపు సంఘం ఆడవాళ్లం వెళ్లి అడిగితే "ఆడిట్ అయిపోయింది, ఒక్క అభ్యంతరం కూడా రాలేదు" అన్నారు. ఆడిట్ అయ్యాక ఇంక అడగడానికి ఏముంటుంది? ఆ లెక్కలు మాలాంటి వాళ్లకి అర్థమవుతాయా?
– ఒక పాఠకురాలు, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: అడగడానికి చాలానే ఉందమ్మా. లెక్కలు కూడా మీకు అర్థమయ్యేవే. పొడవు, వెడల్పు, మందం గుణించడం వచ్చినవాళ్లు ఎవరైనా ఈ పని చేయగలరు.

ముందుగా, "అయింది" అంటున్నది ఏ ఆడిట్ అని అడగండి. పంచాయతీ ఖాతాలను రాష్ట్ర ఆడిట్ శాఖ చూస్తుంది. తీర్మానం ఉందా, ఓచరు ఉందా, పన్నులు కోశారా, క్యాష్ బుక్కుతో బ్యాంకు లెక్క కలిసిందా అన్నవి అక్కడ ప్రశ్నలు. ఆ పని అవసరమే, కానీ చాలావరకు బల్ల మీద జరుగుతుంది. రోడ్డు ఎంత మందం ఉందో ఓచరులో కనిపించదు. కాగ్ (ప్రభుత్వ ఖాతాలను తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) ఆడిట్ వేరు. అది కొన్ని జిల్లాలను, కొన్ని మండలాలను నమూనాగా తీసుకుని పథకం మొత్తం ఎలా నడిచిందో శాసనసభకు చెప్పడానికి చేసేది. మీ వీధి అందులో పడే అవకాశం తక్కువ. మీకు దగ్గరది మూడోది, సామాజిక తనిఖీ. మీ రోడ్డుకు నిధులిచ్చిన 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ ప్రకారం పనులను తనిఖీ చేసే హక్కు గ్రామసభది. ప్రతి పంచాయతీలో ఆరు నెలలకోసారైనా అది జరగాలని 2011 నాటి ఆడిట్ నియమాలు చెబుతున్నాయి. సామాజిక తనిఖీ బృందం ఊళ్లోకి వచ్చి, పని చూసి, కూలీలతో మాట్లాడి, గ్రామసభలో చదివి వినిపించి, చివరికి మండలంలో ప్రజావేదిక (అందరి ఎదుట జరిగే విచారణ) పెడుతుంది. మీ రోడ్డు విషయంలో ఇవన్నీ జరిగాయా? జరిగితే ఏ తేదీన, కొలిచింది ఎవరు? "ఆడిట్ అయింది" అన్నవాళ్లు ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. తనిఖీ నివేదిక కాపీ అడిగి తీసుకోవచ్చు.

అన్నిటికన్నా తొందరపడాల్సిన విషయం ఇంకొకటి ఉంది. ఇలాంటి పనుల ఫైలులో లోపాల బాధ్యత కాలం అని ఒక షరతు ఉండవచ్చు. పని పూర్తయిన తేదీ నుంచి ఇన్ని నెలలలోపు పాడైతే చేసినవాళ్లే సొంత ఖర్చుతో బాగుచేయాలని దాని అర్థం. బిల్లులో కొంత డిపాజిట్‌గా పట్టి ఉంచేది కూడా అందుకే. ఆ గడువు దాటి డిపాజిట్ వెనక్కి ఇచ్చేశాక మీరెంత గట్టిగా అడిగినా పంచాయతీ డబ్బుతోనే మళ్లీ మరమ్మతు చేయాల్సి వస్తుంది. కాబట్టి కాగితాలు చేతికి వచ్చేదాకా ఆగకండి. ఈ వారంలోనే ఒక ఉత్తరం రాయండి. పని పేరు, బోర్డు మీదున్న పని ఐడీ, ఏ ఇంటి ఎదురుగా ఏ రకం బీట ఉందో, తేదీతో తీసిన ఫొటోలు జతచేసి మండలంలోని పంచాయతీరాజ్ ఇంజనీర్లకు ఇవ్వండి. రెండో కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం తప్పకుండా వేయించుకోండి. గడువులోపలే చెప్పామనడానికి రుజువు అదే.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. మన రాష్ట్రంలో గ్రామస్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. నగదుగానో కోర్టు ఫీజు స్టాంపుగానో కట్టవచ్చు. ఎంబుక్కు (మెజర్‌మెంట్ బుక్కు, అంటే పని కొలతలు రాసే పుస్తకం) ఇంజనీర్ల దగ్గర ఉంటుంది, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) ఎంపీడీఓ కార్యాలయంలో ఉపాధి హామీ సిబ్బంది దగ్గర ఉంటాయి. పొరపాటున ఒకరికి బదులు ఇంకొకరికి ఇచ్చినా అయిదు రోజుల్లో సరైన చోటికి బదిలీ చేయాల్సిన బాధ్యత తీసుకున్నవాళ్లదే. 30 రోజుల్లో సమాధానం రాకపోతే, వచ్చింది సరిగా లేకపోతే 30 రోజుల్లోపు పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

చాలామంది దరఖాస్తు రాయడంలోనే దెబ్బతింటారు. "రోడ్డు ఎందుకు పాడైంది? దీనికి బాధ్యులెవరు?" అని రాస్తారు. ఆ చట్టం కింద ఇచ్చేది ఆఫీసులో ఉన్న రికార్డు. కారణాలు అడిగితే "మా రికార్డులో లేదు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మీరు ఇలా రాయండి (ఇందులో డేటా అంటే ఏ సామగ్రి ఎంత పడుతుందో, రేటు ఎలా కట్టారో చూపే లెక్క; లీడ్ స్టేట్‌మెంట్ అంటే సామగ్రి ఎంత దూరం నుంచి తెచ్చారో చూపే పట్టిక; చెక్ మెజర్‌మెంట్ అంటే పై ఇంజనీరు మళ్లీ సరిచూసిన కొలత; క్యూబ్ టెస్టు అంటే కాంక్రీటు దిమ్మల బలం పరీక్ష):

"ఫలానా పని ఐడీ గల సిమెంటు రోడ్డుకు సంబంధించి ఈ కాగితాల ధ్రువీకరించిన నకళ్లు ఇప్పించగలరు: డేటా, లీడ్ స్టేట్‌మెంట్‌తో సహా మంజూరైన ఎస్టిమేట్, ఎంబుక్కులో ఈ పని కొలతలున్న పేజీలు అన్నీ, చెక్ మెజర్‌మెంట్ పేజీతో సహా, క్యూబ్ టెస్టు రిపోర్టులు, క్వాలిటీ కంట్రోల్ వారి పరిశీలన నివేదిక, చెల్లించిన బిల్లులు, సామగ్రి సరఫరా చేసినవారి పేర్లు, మస్టర్లు, లోపాల బాధ్యత కాలం, పట్టి ఉంచిన డిపాజిట్ వివరాలున్న పేజీ. అలాగే సెక్షన్ 2(జె) కింద ఈ పనిని, ఈ రికార్డును స్వయంగా పరిశీలించడానికి తేదీ, సమయం తెలియజేయగలరు."

ఆ చివరి వాక్యం వదలకండి. కాగితమే కాదు, పనిని కూడా పరిశీలించే హక్కు, సామగ్రి నమూనా తీసుకునే హక్కు ఆ సెక్షన్‌లోనే ఉన్నాయి.

నకళ్లు వచ్చాక ముందుగా తెరవాల్సింది ఎంబుక్కు. ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) కొలిచి రాసేది, ఆయన పై అధికారి డీఈ చెక్ చేసి సంతకం పెట్టేది అందులోనే. డబ్బు విడుదలయ్యేది అందులోని అంకెల మీదే. కాటా చీటీ చూడకుండా ధాన్యం డబ్బులు ఇవ్వరు కదా, ఇక్కడ ఆ చీటీ ఎంబుక్కు.

అందులో మొదట తేదీలు చూడండి. కాంక్రీటు కింద గ్రావెల్ పొర ఉంటుంది. దాన్ని కాంక్రీటు పోయకముందే కొలవాలి, పోశాక కనపడదు. గ్రావెల్ కొలత, కాంక్రీటు కొలత ఒకే తేదీన ఉంటే ఆ గ్రావెల్‌ను ఎవరు ఎప్పుడు చూశారని అడగాల్సిందే. తర్వాత వెడల్పులు. పల్లె వీధి ఎక్కడా ఒకే వెడల్పు ఉండదు. ఒకచోట అరుగు, ఇంకోచోట కరెంటు స్తంభం, మరోచోట బావి గట్టు అడ్డొస్తాయి. నిజంగా టేపు పట్టినవాళ్ల ఎంబుక్కులో 2.90, 3.05, 2.80 అని రకరకాల అంకెలు ఉంటాయి. మొదటినుంచి చివరిదాకా వెడల్పు 3.00, మందం 0.15 అనే ఉంటే అది ఎస్టిమేట్ చూసి రాసిన కొలత అయ్యే అవకాశం ఎక్కువ. మూడోది వీధి మలుపులు. రెండు వీధులు కలిసే చదరాన్ని రెండు పనుల్లోనూ లెక్కవేయడం మామూలుగా జరిగే తప్పు. పక్క వీధి రోడ్డు ఎంబుక్కు కూడా అడిగితే అది తేలిపోతుంది.

ఇక మీ కొలత. 30 మీటర్ల టేపు, ఒక స్టీలు స్కేలు, సుద్దముక్క, నోటుపుస్తకం చాలు. రోడ్డు నడిమధ్యన టేపు పరిచి పొడవు తీయండి. ప్రతి 15 మీటర్లకు సుద్దతో గీత పెట్టి అక్కడ వెడల్పు రాసుకోండి. 180 మీటర్లకు 13 చోట్ల వస్తుంది. ఆ 13 అంకెలు కూడి 13తో భాగిస్తే సగటు వెడల్పు.

మందం దగ్గర జాగ్రత్త. అంచున మట్టి తీసి స్కేలు పెడితే 15 సెంటీమీటర్లు సరిగ్గా కనిపిస్తుంది. కాంక్రీటు పోసేటప్పుడు అంచున నిలబెట్టే షట్టరింగ్ పలక ఎత్తు అంతే కాబట్టి. నడిమధ్య నేల ఎత్తుగా ఉండిపోతే, దాన్ని చెక్కకుండా పైన పోసేస్తే మధ్యలో 10, 11 సెంటీమీటర్లే పడుతుంది. అంచు చూసి మోసపోయేది ఇక్కడే. కుళాయి పైపు కోసం ఎవరైనా రోడ్డు కోసిన చోటు ఉందేమో చూడండి. ఆ కోతలో నడిమధ్య మందం తేటగా కనిపిస్తుంది. స్కేలు పెట్టి ఫొటో తీయండి. మీరుగా మాత్రం రోడ్డు తవ్వకండి. అది ప్రజల ఆస్తిని పాడుచేయడం కిందికి వస్తుంది, కేసు మీ మీదికే తిరుగుతుంది.

ఇప్పుడు గుణించండి. ఎంబుక్కులో మందం 0.15 మీటర్లని ఉందనుకుంటే 180 × 3 × 0.15 అంటే 81 ఘనపు మీటర్లు. మీ సగటు వెడల్పు 2.85, మందం 0.12 వచ్చిందనుకుందాం. 180 × 2.85 × 0.12 అంటే 61.56. తేడా 19.44 ఘనపు మీటర్లు, అంటే దాదాపు నాలుగో వంతు. వెడల్పులో 15 సెంటీమీటర్లు, మందంలో 3 సెంటీమీటర్లు కంటికి ఆనవు. డబ్బులో అవి ఇంత. దీన్ని ఎస్టిమేట్‌లో రాసిన ఘనపు మీటరు రేటుతో హెచ్చవేస్తే ఎంత సొమ్ము అడగాలో వస్తుంది.

సిమెంటు లెక్క ఇంకో దారి. ఎం20 కాంక్రీటును (28 రోజులకు చదరపు మిల్లీమీటరుకు 20 న్యూటన్ల బలం రావాల్సిన గ్రేడు) సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపితే ఘనపు మీటరుకు సుమారు 8 బస్తాలు పడుతుంది. 81కి 648 బస్తాలు. ల్యాబులో పరీక్షించి పాళ్లు తేల్చిన డిజైన్ మిక్స్ అయితే ఇంతకన్నా తక్కువే పట్టవచ్చు. మీ ఎస్టిమేట్ డేటాలో ఎంత రాశారో అదే లెక్కకు తీసుకోండి. ఆ అంకెను సరఫరాదారు బిల్లులోని బస్తాలతో పోల్చండి. బిల్లు ఎవరి పేరున ఉందో కూడా చూడండి. ఉపాధి హామీ పనుల్లో కాంట్రాక్టర్లు ఉండకూడదని ఆ చట్టం మొదటి షెడ్యూలులోనే ఉంది. మస్టర్లలో ఉన్నవి మీ ఊరివాళ్ల పేర్లే. ఆ రోజుల్లో వాళ్లు రోడ్డు పనికి వెళ్లారో, చెరువు పనికి వెళ్లారో, అసలు ఊళ్లో ఉన్నారో మీ సంఘానికి తెలిసినంతగా ఏ ఆడిటరుకూ తెలియదు.

కొలత సరిపోయినా నాణ్యత తప్పి ఉండవచ్చు. దానికి కాగితం క్యూబ్ టెస్టు. పోసేటప్పుడే 15 సెంటీమీటర్ల దిమ్మలు పోసి 28 రోజులకు నలగగొట్టి చూస్తారు. కాంక్రీటుకు భారత ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం 81 ఘనపు మీటర్లకు 5 నమూనాలు, నమూనాకు 3 చొప్పున 15 దిమ్మలు ఉండాలి. నమూనా తీసిన తేదీ, ఎంబుక్కులో కాంక్రీటు పోసిన తేదీ ఒకటేనా? ఫైనల్ బిల్లు 28 రోజులు నిండకముందే చెల్లించారా? ఈ రెండూ చూడండి. అనుమానం గట్టిదైతే కోర్ టెస్టు అడగండి. మిషనుతో రోడ్డులోంచి గుండ్రటి ముక్క కోసి తీస్తారు. ముక్క పొడవే రోడ్డు మందం కాబట్టి అంచు మోసం ఇక్కడ చెల్లదు. కనీసం మూడు ముక్కలు తీయాలి. వాటి సగటు బలం చెప్పిన గ్రేడులో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఎం20కి సగటు 17 న్యూటన్లు, అన్నిటికన్నా తక్కువది 15 అన్నమాట. ముక్కలు ఎక్కడ తీయాలో వాళ్లకే వదిలేయకండి. "ఈ మూడు ఇళ్ల ఎదురుగా, నడిమధ్యన" అని ఉత్తరంలోనే రాయండి.

మీరు చెప్పిన బీటల నుంచి కొంత ఊహించవచ్చు. అడ్డంగా, ఇంచుమించు సమాన దూరంలో బీటలు వచ్చాయంటే కీళ్లు (రోడ్డుకు అడ్డంగా ముందే కోసిపెట్టే గీతలు) కోయలేదు, లేదా ఆలస్యంగా కోశారు. కాంక్రీటు ఆరుతూ కుంచించుకుపోతుంది. నాలుగు మీటర్లు దాటకుండా, పోసిన మర్నాటిలోపే, మందంలో మూడోవంతో నాలుగోవంతో లోతుకు మనం గీత కోసిపెడితే ఆ గీతలోనే చీలుతుంది. కోయకపోతే తనకిష్టమైన చోట చీలుతుంది. కాబట్టి ఇది చేసినవాళ్ల తప్పే. పైపొర ఇసుకలా రాలడానికి కారణం ఎక్కువసార్లు నీళ్లు. బస్తాకు, ఇసుకలోని తడితో కలిపి, 25 నుంచి 30 లీటర్లు చాలు. తేలిగ్గా జారుతుందని పైపు పెట్టి పోసేస్తే సిమెంటు నీరు పైకి తేలి, ఆరాక పొడైపోతుంది. వేసవిలో వేసి నీళ్లు కట్టకపోయినా ఇదే జరుగుతుంది. మట్టితో మడులు కట్టి కనీసం రెండు వారాలు తడి నిలపాలి. ఇక్కడ వీధివాళ్ల వంతు కూడా ఉంది. మూడో రోజే మడులు తెంపి బండ్లు, పశువులు నడిపించి ఉంటే ఎదుటివాళ్లు ఆ మాటే పట్టుకుంటారు. అలా జరిగిందో లేదో మీలో మీరు నిజంగా తేల్చుకుని వెళ్లండి. అంచులు విరగడానికి తరచుగా కారణం రోడ్డు పక్కన గ్రావెల్‌తో బెర్ములు (అంచుకు ఆనించి వేసే గట్లు) నింపకపోవడం. బెర్ములకు ఎస్టిమేట్‌లో డబ్బు ఉంటే, ఎంబుక్కులో కొలత ఉంటే, నేల మీద లేకపోతే, అది మీ దగ్గరున్నవాటిలో అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. దాన్ని నిరూపించడానికి ఏ మిషనూ అక్కర్లేదు.

ధర సంగతి. లీడ్ స్టేట్‌మెంట్‌లో కంకర, ఇసుక, గ్రావెల్ ఎన్ని కిలోమీటర్ల నుంచి తెచ్చారో ఉంటుంది. దూరం పెరిగితే రేటు పెరుగుతుంది. టెక్కలి చుట్టూ రాతి క్వారీలు ఉన్నాయి, వంశధార ఇసుక అందుబాటులో ఉంది. అలాంటిచోట కంకరకు 50, 60 కిలోమీటర్లు రాసి ఉంటే ఆ క్వారీ పేరు అడగండి. అదే ఏడాది మీ మండలంలో వేసిన ఇంకో రెండు రోడ్ల ఖర్చును ఘనపు మీటర్లతో భాగించి మీదానితో పోల్చండి. పోల్చేముందు జీఎస్టీ, ఒక శాతం కార్మిక సెస్సు తీసేయండి. లేకపోతే ఒకదాంట్లో కలిపి, ఇంకోదాంట్లో కలపని అంకెలు చూసి తప్పు తీర్పు చెప్పేస్తారు. కొంచెం తేడా ఉండటం సహజం. చెరువు గట్టు పక్క రోడ్డుకు పునాది ఖర్చు ఎక్కువే అవుతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా డబ్బు వృథా అయ్యే దారి ఇంకొకటి ఉంది. దాన్ని ఏ ఓచరూ పట్టదు. కాలువ లేకుండా రోడ్డు వేస్తే రోడ్డే కాలువ అవుతుంది. కుళాయి పైపులు వేయాల్సి ఉందని తెలిసి ముందే రోడ్డు పోస్తే మూడు నెలల్లో కోస్తారు. కాబట్టి గ్రామసభ తీర్మానం కాపీ కూడా తీసుకోండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకేరోజు ఉపాధి పనుల మీద గ్రామసభలు జరిగాయి. మీ రోడ్డు ఆ రోజు తీర్మానంలో ఉందా, దానికన్నా ముందు ఏ పనులు అడిగారు, కాలువ అడిగారా? ఈ ప్రశ్నలు వచ్చే గ్రామసభలో లేవనెత్తవచ్చు.

అంకెలు చేతికొచ్చాక ఒక్క పేజీలో పట్టిక గీయండి: ఎంబుక్కులో ఎంత, నేల మీద ఎంత, తేడా ఎంత, ఫొటో నంబరు. ఎవరి పేరూ రాయకండి, దొంగతనం అన్న మాట వాడకండి. పేరు రాసిన క్షణం నుంచి గొడవ మనిషి మీదికి పోతుంది, కొలత పక్కకు పోతుంది. దాన్ని ఈఈకి (పంచాయతీరాజ్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు), డ్వామా పీడీకి (జిల్లాలో ఉపాధి హామీ పనులు చూసే అధికారి) ఇచ్చి, సోమవారం శ్రీకాకుళంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో నమోదు చేయించి రశీదు తీసుకోండి. సామాజిక తనిఖీ బృందం ఊళ్లోకి వచ్చిన రోజే మీ పట్టిక వాళ్ల చేతికివ్వండి. ప్రజావేదిక రోజున ఇస్తే వాళ్ల నివేదికలో ఉండదు, నివేదికలో లేనిది అక్కడ చర్చకు రావడం కష్టం. ఆ రోజు పది మంది కలిసి వెళ్లండి. మాట్లాడేది మాత్రం ఒక్కరే, అదీ అంకెలతోనే. వసూలు చేయాలని తీర్మానిస్తే ఎంత, ఎవరి నుంచి, ఏ గడువులో అన్నది రాతలో పెట్టమనండి. నిర్ణయం అయ్యాక వసూలు ఆగిపోవడమే ఈ పద్ధతిలో పెద్ద లోపం. కాబట్టి మూడు నెలలకోసారి ఆ తీర్మానం మీద తీసుకున్న చర్య ఏమిటని మళ్లీ ఒక దరఖాస్తు పెట్టండి.

ఒత్తిడి పెరిగితే ముందుగా వచ్చేది రాజీ. పైన పల్చగా సిమెంటు పాలు పూసి "బాగుచేశాం" అంటారు. పాత కాంక్రీటు మీద ఆ పూత పట్టదు, కొన్ని వారాల్లో పెచ్చులూడిపోతుంది. దానికి ఒప్పుకుని సంతకం పెడితే మీ ఫిర్యాదు మూసేస్తారు. సన్నటి బీటలను శుభ్రం చేసి తారుతోనో సీలెంటుతోనో నింపితే చాలు. వెడల్పుగా చీలి కుంగిన చోట మాత్రం కీలు నుంచి కీలు దాకా ఆ పలక మొత్తం అడుగుదాకా తీసేసి, కింద గ్రావెల్ దిమ్మిస కొట్టి, కొత్తగా పోయమని అడగండి. పోసేముందు గ్రావెల్‌ను మీ ఎదుట కొలిచి ఎంబుక్కులో రాయమనండి. ఆ పలకకు నీళ్లు కట్టినన్ని రోజులూ దారి మూసి ఉండాలి కాబట్టి, బండ్లు ఎటువైపు నుంచి తిప్పాలో వీధిలో అందరితో ముందే మాట్లాడి ఒప్పించుకోండి.